పాయెయాలో గరిటె తిప్పకు తమ్ముడూ

సందేహం: అక్కా, స్పెయిన్‌లోని వలెన్సియా వచ్చి మూడు నెలలైంది. రొయ్యలతో పాయెయా, అదే ఇక్కడి అన్నం వంటకం, రెండుసార్లు చేశాను. మొదటిసారి ముద్దయింది, రెండోసారి అంచుల్లో పలుకు, మధ్యలో మాడు. బాస్మతితో, అల్లం వెల్లుల్లి వేసి చేశాను. ఈ ఆదివారం ఆఫీసు వాళ్లిద్దరిని భోజనానికి పిలిచాను. టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు బాస్మతి పక్కన పెట్టు. బిర్యానీలో మెతుకు పొడవుగా, దేనికది విడిపోతే అందం. పాయెయాలో రుచంతా మెతుకు లోపలికి వెళ్లాలి. అందుకు రొయ్యలు, చేపలు మరిగించిన చారుని బాగా తాగి కూడా చితకని పొట్టి బియ్యం కావాలి. ప్యాకెట్ మీద 'బోంబా' అని చూసి కొను. ధర ఎక్కువే, కానీ నిమిషం అటూ ఇటూ అయినా చిమడదు. కడగకుండానే వాడు. ఊరికి దక్షిణాన అల్బుఫేరా సరస్సు చుట్టూ వరి పండిస్తారు. వేసవిలో ఒకసారి అక్కడి ఎల్ పల్మార్ ఊరి దాకా వెళ్లి రా, ఆ పచ్చటి చేలు చూస్తే కోనసీమ గుర్తొస్తుంది.

ఇక అసలు సంగతి చారు. మనం రొయ్య తలలు పారేస్తాం, ఇక్కడ తలల్లోనే ప్రాణముంది. తలతో ఉన్న రొయ్యలు కొని, తలలూ పొట్టూ ఆలివ్ నూనెలో ఎర్రగా వేయించు. గరిటెతో నొక్కి, నీళ్లు పోసి, 20 నిమిషాలు మరిగించి వడకట్టు. చేపల కొట్లో అడిగితే తెల్ల చేపల తలకాయలు, ముళ్లు ఇస్తారు, అవీ వెయ్యి. చారు నాలిక మీద కాస్త ఉప్పగా తగలాలి, బియ్యం తాగాక సరిపోతుంది. ఓపికంతా ఇక్కడే పెట్టు. చారు చప్పగా ఉంటే తర్వాత ఏం వేసినా లాభం లేదు.

మీ ముగ్గురికి 300 గ్రాముల బియ్యం, 900 మిల్లీలీటర్ల చారు, 36 సెంటీమీటర్ల వెడల్పాటి పెనం చాలు. వలెన్సియా భాషలో పాయెయా అంటే అసలు ఆ పెనమే. బియ్యం వేలి మందం మించకూడదు. నీ స్టవ్ మంట పెనం కన్నా చిన్నదై ఉంటుంది, అందుకే అంచుల్లో పలుకు మిగిలింది. రెండేసి నిమిషాలకు పెనాన్ని కొంచెం కొంచెం జరుపుతూ తిప్పు.

స్క్విడ్ ముక్కలు వేయించి, వెల్లుల్లి, తురిమిన టమాటా వేసి బాగా దగ్గరపడనివ్వు. పిమెంతోన్ అనే స్పెయిన్ మిరపపొడి ఒక చెంచా వేసి, అది మాడకముందే బియ్యం వేసి నిమిషం కలుపు. కుంకుమపువ్వు వేసిన మరిగే చారు పోసి, బియ్యాన్ని సమంగా సర్ది, గరిటె కడిగి పెట్టెయ్యి. మళ్లీ తిప్పితే గంజి దిగి ముద్దవుతుంది. 10 నిమిషాలు పెద్ద మంట, 8 నిమిషాలు సన్న మంట. చివరి 5 నిమిషాల్లో పైన రొయ్యలు, మసెల్స్ (ఒక రకం ఆల్చిప్పలు) పేర్చు. వండే ముందే నోరు తెరుచుకుని, తట్టినా మూసుకోని మసెల్స్ పారెయ్యి. ఉడికాక తెరుచుకోనివీ తినకు. ఈ విషయంలో మొహమాటం వద్దు.

ఆఖరి నిమిషం మంట పెంచి చెవి పెట్టి విను. చిటపటలు మొదలై, కాలిన వాసన రాకముందే దించు. అడుగున ఎర్రగా పట్టే ఆ పొరని సొకర్రాత్ అంటారు, దాని కోసం పోటీ పడతారు. దించాక 5 నిమిషాలు ఆగు. అల్లం, గరం మసాలా, కొత్తిమీర వద్దు. చోరిసో అనే పంది మాంసం సాసేజ్ అసలే వద్దు, వలెన్సియా వాళ్లకి నిజంగా బాధ కలుగుతుంది.

మధ్యాహ్నం రెండు, రెండున్నరకి పిలువు, వాళ్లు దీన్ని పగటి భోజనంగానే తింటారు. పెనం మధ్యలో పెట్టుకుని, ఎవరి ముందున్న భాగం వాళ్లు చెంచాతో నేరుగా తినడం ఇక్కడి ఇళ్లలో మామూలే. ఎంగిలి అనుకుని కంగారు పడకు, పక్కవాళ్ల వైపు చెంచా పోనివ్వరు. నీకు ఇబ్బందిగా ఉంటే పళ్లాలు కూడా తీసి పెట్టు.