అసెంబ్లీలో స్ప్రింగు కుంచించుకోవాలంటే

ప్రశ్న: మెకానికల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఆటోడెస్క్ ఇన్వెంటర్ అనే 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే వాల్వ్) అసెంబ్లీ, అంటే విడి పార్టులన్నీ కూర్చిన నమూనా, తయారుచేశాను. పిస్టన్ కదులుతోంది గాని స్ప్రింగు బిగదీసుకుని అలాగే ఉంటోంది. పిస్టన్ దానిలోంచి దూసుకుపోతోంది. స్ప్రింగు నొక్కుకుపోతున్నట్టు చూపడం ఎలా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ అసెంబ్లీలో తప్పేమీ లేదు. ఇన్వెంటర్‌కు స్ప్రింగైనా ఇనుప దిమ్మైనా ఒకటే. తయారైన పార్టు జరుగుతుంది, తిరుగుతుంది తప్ప తనంతట తాను కురచ కాదు. తెరమీద కుంచించుకుపోతున్నట్టు కనిపించాలంటే, సాఫ్ట్‌వేర్ అడుగడుగునా కొత్త ఎత్తుతో స్ప్రింగును మళ్లీ నిర్మించాలి. ఆ ఎత్తును పిస్టన్‌కూ స్ప్రింగు కూర్చునే ముఖానికీ మధ్య ఉన్న ఖాళీకి ముడిపెట్టడమే మీరు చేయవలసిన పని.

స్ప్రింగు చుట్లను గీసే కాయిల్ ఫీచర్‌లో 'రివల్యూషన్ అండ్ హైట్' (చుట్ల సంఖ్య, ఎత్తు) రకాన్నే ఎంచుకోండి. చాలామంది పొరబడేది ఇక్కడే. 'పిచ్ అండ్ హైట్' తీసుకుంటే ఎత్తు తగ్గినకొద్దీ చుట్లు తగ్గిపోయి, ఎవరో తీగను కత్తిరిస్తున్నట్టు ఉంటుంది. నిజమైన స్ప్రింగులో మారేది పిచ్ (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) గాని చుట్ల సంఖ్య కాదు. నొక్కినప్పుడు వ్యాసం కూడా కాస్త పెరుగుతుంది గాని, 20 మి.మీ. సగటు వ్యాసం, 8 చుట్లు ఉన్న స్ప్రింగును 50 నుంచి 30 మి.మీ.కు నొక్కితే ఆ పెరుగుదల 0.06 మి.మీ. మాత్రమే. యానిమేషన్‌లో దాన్ని వదిలేయవచ్చు.

కాయిల్ గీయడానికి ముందే, స్ప్రింగు పార్టులో వేరే స్కెచ్‌లో, పొడవు నిర్ణయించకుండా ఒక నిలువు గీత గీసి దానికి డ్రివెన్ డైమెన్షన్ (గీత పొడవును శాసించకుండా, ఉన్నదాన్ని కొలిచి చూపే కొలత) పెట్టండి. కాయిల్ ఎత్తు గడిలో ఆ డైమెన్షన్ పేరు రాసి, అందులోంచి తీగ మందాన్ని తీసివేయండి. ఇన్వెంటర్ ఎత్తును తీగ కేంద్రం నుంచి కేంద్రానికి లెక్కిస్తుంది కాబట్టి, 2 మి.మీ. తీగతో 50 మి.మీ. ఖాళీ నిండాలంటే ఆ గడిలో 48 రావాలి. తీగ వృత్తం కేంద్రం కూడా గీత కింది కొసకు 1 మి.మీ. పైన ఉండాలి. తరువాత ఆ స్కెచ్‌నూ, అసెంబ్లీలో స్ప్రింగు పార్టునూ అడాప్టివ్ (చుట్టూ ఉన్న పార్టులను బట్టి కొలత మార్చుకునేది) చేసి, గీత రెండు కొసలను పిస్టన్ ముఖానికీ స్ప్రింగు కూర్చునే ముఖానికీ కన్‌స్ట్రెయిన్ చేయండి, అంటే అంటిపెట్టుకుని ఉండేలా కట్టిపడేయండి.

ఇక పిస్టన్‌ను కదిలించే కన్‌స్ట్రెయింట్‌పై కుడి క్లిక్ చేసి 'డ్రైవ్' తెరవండి. 'డ్రైవ్ అడాప్టివిటీ' గడి ఆ పెట్టెను విస్తరిస్తేనే కనబడుతుంది. దానికి టిక్ పెట్టకపోతే ఇంత శ్రమా వృథా. ఖాళీని 18 మి.మీ. కంటే తగ్గనివ్వకండి: చివరలు చదును చేయని 8 చుట్ల స్ప్రింగుకు ఘన ఎత్తు (చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకున్నప్పటి ఎత్తు) తొమ్మిది తీగ మందాలు. అది దాటితే చుట్లు ఒకదానిలోకొకటి చొచ్చుకుపోతాయి. రికార్డింగు అయ్యాక అడాప్టివ్ తీసేయండి, లేకుంటే అసెంబ్లీలో ప్రతి చిన్న మార్పుకూ స్ప్రింగు మళ్లీ లెక్కకు వచ్చి పని నెమ్మదిస్తుంది.