గూజెంగ్ కింద ఎలక్ట్రానిక్ బీట్ పెడితే రెండూ ఎందుకు అతకట్లేదు?

‘హోంకాయ్: స్టార్ రైల్’ వీడియో గేములో లువోఫూ అనే ఓడ-నగరంలో వినిపించే సంగీతం మీకు బాగా నచ్చింది. అలాంటిది చేద్దామని గూజెంగ్ (మీటి వాయించే చైనా తీగల వాయిద్యం) శాంపుల్స్, అంటే ముందే రికార్డు చేసిన స్వరాల కింద బీట్ పెట్టి చూస్తే రెండు వేరే పాటలు ఒకేసారి మోగుతున్నట్టుంది, తప్పెక్కడ అని అడిగారు. సరిగ్గా ఇదే ఇబ్బంది నేనూ పడ్డాను కాబట్టి నా అనుభవం రాస్తున్నాను.

నేను ఉద్యోగం చేసుకుంటూ సెలవుల్లో చిన్న గేములకు సంగీతం కడతాను. ఒక స్నేహితుడి గేములో చైనా కొండల మధ్య జరిగే లెవెల్ ఒకటి ఉంది. దానికి గూజెంగ్ వరసని కీబోర్డు మీద వాయించి, ప్రతి స్వరాన్నీ క్వాంటైజ్ చేసి (అంటే కంప్యూటర్‌తో లెక్క ప్రకారం తాళానికి సర్ది), కింద బీట్, పైన సింథ్ (సింథసైజర్) వేసి పంపాను. "వాయిద్యం వినపడుతోంది గానీ వాయించే మనిషి వినపడట్లేదురా" అన్నాడు. ఆ మాట చాలా రోజులు బాధపెట్టింది. కానీ అక్కడే విషయమంతా ఉంది.

చిన్నప్పుడు మా పెద్దమ్మ దగ్గర నాలుగేళ్లు వీణ నేర్చుకున్నాను. గూజెంగ్ వాయించే వీడియోల్లో వేళ్లు గమనిస్తుంటే ఆ పాఠాలే గుర్తొచ్చాయి. ఈ రోజుల్లో వాడే గూజెంగ్‌కు మామూలుగా 21 తీగలుంటాయి, ఒక్కో తీగ కింద దాన్ని ఎత్తిపట్టే, జరపగలిగే బ్రిడ్జి ఒకటి. బ్రిడ్జికి ఒక పక్క కుడిచేత్తో మీటుతారు, రెండో పక్క ఎడమచేత్తో తీగను నొక్కి స్వరాన్ని పైకి లాగుతారు. తీగలన్నీ శ్రుతి చేసేది ఐదు స్వరాలకే: స రి గ ప ధ. అంటే మన మోహన రాగం స్వరాలే! మరి ‘మ’ కావాలంటే? ‘గ’ తీగను నొక్కి తెచ్చుకోవాలి. ‘ని’ కావాలంటే ‘ధ’ తీగను నొక్కాలి. ఆ రెండు స్వరాలూ వేలి బరువుతో పుడతాయి. వీణ మెట్టు మీద తీగ లాగి గమకం పలికించినవాళ్లకి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. కీబోర్డులో మాత్రం ‘మ’ కూడా అన్నిటిలాంటి ఇంకో మెట్టు. మన శాంపుల్ ప్రాణం లేనట్టుండేది అందుకే.

అప్పటి నుంచి ఐదు స్వరాలే మెట్ల మీద వాయిస్తున్నాను, మిగతావి పిచ్ బెండ్ వీల్‌తో (స్వరాన్ని పైకీ కిందికీ జరిపే కీబోర్డు చక్రంతో) లాగుతున్నాను. మీటిన వెంటనే కాదు, ఒక్క క్షణం ఆగి. డ్రమ్స్ లెక్క ప్రకారం కచ్చితంగా ఉండనివ్వండి, గూజెంగ్‌ని మాత్రం క్వాంటైజ్ చేయకండి.

రెండో సంగతి, ఎవరికి ఎంత చోటు అన్నది. చైనా వాయిద్యాల్లో చాలావరకు మధ్య, పై స్థాయిల్లో మోగేవే. అడుగు స్వరాలు తక్కువ. అందుకే ఈ కాలపు పెద్ద చైనా ఆర్కెస్ట్రాలు కూడా చెల్లో, డబుల్ బాస్ పెట్టుకుంటాయి. సింథ్ బాస్ కోసం ఆ చోటు ఖాళీగా ఉంది. నేనేమో దాన్ని వదిలేసి, దిజి అనే వెదురు వేణువు పలికే చోటే పదునైన సింథ్ పెట్టాను. దిజికి ఒక రంధ్రం మీద పల్చటి పొర అంటిస్తారు, దాని సన్నటి జీర వల్లే ఆ గొంతు వేరుగా ఉంటుంది. సింథ్ ఆ జీరను మింగేసింది, మిగిలింది మామూలు వేణువు. పిపా అనే చైనా తీగల వాయిద్యానిది ఇంకో రకం సమస్య. మీటిన నాదం చటుక్కున ఆరిపోతుంది కాబట్టి ఐదు వేళ్లూ దొర్లిస్తూ దాన్ని నిలబెడతారు. కింద మెత్తటి ప్యాడ్ (ఆగకుండా సాగే సింథ్ నాదం) ఉంటే అలా అస్తమానం దొర్లించాల్సిన పని లేదు, పిపా మధ్యమధ్యలో ఆగొచ్చు కూడా.

ఈ కలయిక గేములతో మొదలైంది కూడా కాదు. 1986లో చైనా టీవీలో వచ్చిన ‘జర్నీ టు ది వెస్ట్’ సీరియల్ మొదట్లో వచ్చే సంగీతం వినండి. షూ జింగ్‌చింగ్ అందులో సింథసైజర్‌ని చైనా వాయిద్యాలతో, ఆర్కెస్ట్రాతో కలిపారు. 2020 ఆగస్టు 20న ‘బ్లాక్ మిత్: వుకాంగ్’ గేమ్‌ప్లే వీడియో మొదటిసారి వచ్చినప్పుడు చివర్లో వినిపించింది ఆ బాణీయే. చైనాలో ఆ సీరియల్ చూస్తూ పెరిగినవాళ్లకి అది చిన్ననాటి చప్పుడు. నాకు ఆ జ్ఞాపకం లేదు, అయినా వింటుంటే ఒళ్లు పులకరించింది.

బీట్ జోలికి పోయే ముందు ‘గెన్‌షిన్ ఇంపాక్ట్’ గేములో లీయ్వే ప్రాంతపు సంగీతం కొన్నాళ్లు వినండి. యూ-పెంగ్ చెన్ స్వరపరిచింది, షాంఘై సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. ఆర్కెస్ట్రా పక్కన అర్హు (రెండు తీగల చైనా ఫిడేలు), దిజి ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాయో అందులో బాగా తెలుస్తుంది.

ఇప్పుడు మీ ట్రాక్ తెరిచి బీట్ మ్యూట్ చేయండి. గూజెంగ్ ఒక్కటే నిమిషం పాటు వినబుద్ధి కాకపోతే దాన్నే మళ్లీ వాయించండి. నా ట్రాక్ అలా మూడుసార్లు తిరగరాశాను. మొదట 14 లేయర్లు ఉండేవి, స్నేహితుడు ఒప్పుకున్న దాంట్లో ఐదే ఉన్నాయి.