వేట బండికి ఎంత పెట్టొచ్చు? డోర్ మీది స్టిక్కర్‌ని అడగండి

ప్రశ్న: మేం డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాం. నాకు 36 ఏళ్లు, హెచ్-1బి. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అయింది. నా భార్యది హెచ్-4 ఈఏడీ (నా వీసా మీద ఆధారపడిన పని అనుమతి). ఇద్దరి జీతాలు కలిపి ఏడాదికి 1,55,000 డాలర్లు. ఒక పాప. ఆఫీసులో కొలీగ్ రెండేళ్లుగా ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు రమ్మంటున్నాడు, వచ్చే అక్టోబర్‌లో వెళ్దామనుకుంటున్నా. 44,000 డాలర్ల కొత్త మిడ్‌సైజ్ పికప్ చూశాను, 8,000 డౌన్ కడతాను. దాన్ని వేటకు, కొండ దారులకు తయారు చేయడానికి డీలర్‌తో టైఅప్ ఉన్న షాపు 21,500కి కొటేషన్ ఇచ్చింది. అందులో 14,000 కారు లోన్‌లోనే కలిపేస్తారట (8 శాతం, 72 నెలలు). మిగతా 7,500 నా 401(కె) రిటైర్మెంట్ ఖాతా మీద లోన్ తీసుకుంటే వడ్డీ నాకే వస్తుంది కదా! డౌన్ పేమెంట్ పోను బ్యాంకులో 19,000 ఉంటాయి. నెల ఖర్చు 6,000 దాకా. నా భార్య మాత్రం ససేమిరా అంటోంది. మీరేమంటారు?

జవాబు: కొటేషన్‌తో పాటు టెస్ట్ డ్రైవ్ రోజు తీసిన ఫోటోలు కూడా పంపి మంచి పని చేశారు. వాటిలో ఒకటి డ్రైవర్ డోర్ తెరిచి తీసింది. మీరు సీటు చూపిద్దామని తీసినట్టున్నారు, నాకు మాత్రం డోర్ పక్కన ఉన్న పసుపు, తెలుపు స్టిక్కరే కనపడింది. మనుషులు, సామాను కలిపి 1,180 పౌండ్లు దాటకూడదని ఉంది. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ అంకెలోనే ఉంది. అందుకే వడ్డీ లెక్కల కంటే ముందు బరువు లెక్క వేద్దాం.

మీరూ మీ కొలీగూ వేట బట్టలు, బూట్లతో ఎక్కితే 380 పౌండ్లు అనుకుందాం. స్టీల్ బంపర్, దానికి బిగించే వించ్ (ఇరుక్కున్న బండిని లాగే మోటారు) కలిపి 220. వెనక బెడ్‌ను కప్పే టాపర్ 170. దాని కింద డ్రాయర్లు 190. పైన రూఫ్‌టాప్ టెంట్ 150. ఫ్రిజ్, దానికోసం రెండో బ్యాటరీ 110. ఇక్కడికే 1,220. బండి అడుగున బిగించే స్కిడ్ ప్లేట్లకు ఇంకో వంద. అంటే 1,320. ఇంకా నీళ్లు పోయలేదు (పది గ్యాలన్లు అంటే 83 పౌండ్లు), తిండి పెట్టలేదు, తుపాకులు పెట్టలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎందుకోసం వెళ్తున్నారో ఆ ఎల్క్ ఇంకా ఎక్కలేదు. ఎముకలు తీసేసిన మాంసమే 200 పౌండ్ల దాకా ఉంటుంది. బరువులు నేను ఉజ్జాయింపుగా వేశాను, మీ షాపు వాళ్లను అసలు అంకెలు అడగండి. కొంచెం అటూ ఇటూ అయినా సంగతి మారదు: 21,500 డాలర్లు పోసి, ఖాళీగా బయలుదేరినా ఓవర్‌లోడ్ అయ్యే బండిని తయారు చేయించుకుంటున్నారు.

"బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్‌లో హెవీ స్ప్రింగులు వేస్తున్నాం కదా, బరువు మోస్తుంది" అని షాపు వాళ్లు అంటారు. స్ప్రింగు మారిస్తే వెనక్కి కూర్చోవడం తగ్గుతుంది, అంతే. బ్రేకులు, యాక్సిల్, ఫ్రేము పాతవే. ఆ స్టిక్కర్ మీద అంకె కూడా అలాగే ఉంటుంది. మంచు పడిన ఐ-70 హైవే మీద కొండ దిగుతూ బ్రేకు కొట్టాల్సి వచ్చినప్పుడు మీకు కావలసింది ఆ పాత అంకెకు లోబడిన బండి. ప్రమాదం జరిగితే ఓవర్‌లోడ్ సంగతి ఎదుటివాళ్ల లాయరుకు కూడా పనికొస్తుంది.

ఇప్పుడు డబ్బు. 36,000 లోన్‌కు మీ వాయిదా నెలకు 631 డాలర్లు. 14,000 కలిపితే 877. తేడా 245 అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది, డీలర్ కూడా ఆ అంకె ఒక్కటే చెబుతాడు. 72 నెలలకు ఆ 14,000 కాస్తా 17,670 అవుతుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది వడ్డీ కాదు. ఏడాది తర్వాత మీ లోన్ ఇంకా 43,000 పైనే మిగిలి ఉంటుంది. ఏడాది వాడిన బండికి అంత ఎవరిస్తారు? బిగించిన సామానుకు డీలర్ దాదాపు విలువ కట్టడు. విడిగా అమ్మితే సగం వస్తే గొప్ప.

వేరే ఎవరికైనా ఇది ఓర్చుకోదగ్గ నష్టమే అనేవాణ్ని. మీ విషయంలో అనలేను. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. మీ వీసా పోతే మీ భార్య ఈఏడీ కూడా దాంతో పాటే పోతుంది, కాబట్టి రెండు జీతాలున్నాయన్న ధైర్యం సగం ధైర్యమే. ఆ రెండు నెలల్లో ఉద్యోగం వెతుక్కోవాలా, లోన్ కంటే తక్కువ పలికే బండికి కొనేవాణ్ని వెతకాలా? లిఫ్ట్ చేసి, స్టీల్ బంపర్ వేసిన బండిని కావాలనుకునేవాళ్లు ఉంటారు, కానీ తక్కువ మంది. మామూలు బండి వారంలో అమ్ముడుపోతుంది.

401(కె) లోన్‌లో "వడ్డీ నాకే వస్తుంది" అన్న మాట నిజమే, కాకపోతే అది సగం మాట. ఆ 7,500 మార్కెట్లో లేని రోజుల్లో పెరగాల్సింది పెరగదు. అసలు చిక్కు వేరే ఉంది. ఉద్యోగం మానేసినా, తీసేసినా ప్లాన్ వాళ్లు మిగిలిన బాకీని మీ ఖాతాలో నుంచి తీసేసి లోన్ ముగించవచ్చు. అప్పుడు ఆ ఏడాది టాక్స్ ఫైలింగ్ గడువులోగా, ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే ఆ గడువులోగా, అంత సొమ్మునూ ఐఆర్ఏ (సొంత రిటైర్మెంట్ ఖాతా)లోకో కొత్త ప్లాన్‌లోకో సర్దాలి. లేదంటే దాని మీద ఆదాయపు పన్ను, ఆపైన మీ వయసుకు 10 శాతం పెనాల్టీ. జీతం ఆగిన నెలల్లోనే ఈ బిల్లు కూడా తలుపు తడుతుంది. 19,000 అంటే మూడు నెలల ఖర్చు. దాన్ని కదిలించవద్దు. 401(కె)ని అసలే కదిలించవద్దు.

డీలర్ "కారు లోన్ వడ్డీకి ఇప్పుడు టాక్స్ మినహాయింపు ఉంది" అన్నాడని ఉత్తరం చివర్లో రాశారు. ఉంది. 2025 నుంచి 2028 వరకు, ఏడాదికి 10,000 డాలర్ల వడ్డీ దాకా. ఉమ్మడిగా ఫైల్ చేసేవాళ్లకు 2,00,000 ఆదాయం దాటాకే తగ్గడం మొదలవుతుంది కాబట్టి ఆదాయం వైపు మీకు ఇబ్బంది లేదు. కానీ కొత్త బండి చివరి అసెంబ్లీ అమెరికాలో జరిగి ఉండాలి. మీ ఫోటోలో విండ్‌షీల్డ్ కింద వీఐఎన్ (బండి గుర్తింపు) నంబరు 3తో మొదలవుతోంది. 3 అంటే మెక్సికో. ఆ బండికి ఈ మినహాయింపు రాదు. అలాగే "6,000 పౌండ్లు దాటిన బండి ఖర్చంతా టాక్స్‌లో రాసేసుకోవచ్చు" అని మీ ఫ్రెండ్ చెప్పింది వ్యాపారానికి సగానికి పైగా వాడే బండ్ల సంగతి. వేటకు వెళ్లడం వ్యాపారం కాదు.

ఇక్కడ కొంచెం నా పరిధి దాటుతాను. హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికున్న మినహాయింపుల్లో మీకు వర్తించేది ఒకటి: గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండటం. మీ కొలీగ్ తుపాకీని సరదాగా పట్టుకుని చూడటానికి కూడా ఇదే వర్తిస్తుంది. కాబట్టి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు (కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు తప్పనిసరి), ఆ తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ మాట. మధ్యలో ఒకసారి ఇమిగ్రేషన్ లాయరుతో అరగంట మాట్లాడండి. ఆ ఫీజు నా దృష్టిలో వించ్ కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు. ఇంకో మాట, పెద్ద ఎల్క్ డ్రా (లైసెన్సుల లాటరీ) దరఖాస్తులకు గడువు ఏప్రిల్ మొదట్లోనే ముగుస్తుంది. లైసెన్సు రాకముందే 21,500 బండికి పెట్టడం ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

అసలు ఆ బండి ఎక్కడిదాకా వెళ్లగలదో, అంటే వెళ్లనిస్తారో చూశారా? నేషనల్ ఫారెస్ట్‌లలో బండ్లు ఏ దారుల్లో తిరగొచ్చో చూపించే మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ ఉంటుంది, ఉచితం. ఫోన్లోకి దించుకోవచ్చు. ఆ మ్యాప్‌లో లేని దారిలోకి దిగితే జరిమానా. వేటాడిన జంతువును తెచ్చుకోవడానికి కూడా చాలాచోట్ల దారి వదిలి బండి తీసుకెళ్లనివ్వరు. మ్యాప్‌లో ఉన్న దారుల్లో చాలావాటికి షోరూం నుంచి వచ్చిన ఫోర్ వీల్ డ్రైవ్, మంచి టైర్లు చాలు. ఎల్క్ పడేది దారి పక్కన కాదు. మైలో రెండు మైళ్లో లోపల పడుతుంది, అక్కడి నుంచి ఇద్దరూ వీపున మోసుకుంటూ తలా రెండు మూడు సార్లు తిరగాలి. ఆ పూట మీకు పనికొచ్చేది లిఫ్ట్ కిట్ కాదు, బూట్లూ వీపు సంచీ. మీ కొటేషన్‌లో ఆ రెండూ లేవు!

నేనూ ఈ ముచ్చట తీర్చుకున్నవాణ్నే. రూఫ్‌టాప్ టెంట్ 2,400కి కొన్నాను. మూడేళ్లలో అందులో పడుకున్నది తొమ్మిది రాత్రులు. పొద్దున్నే పక్క లోయలోకి బండి వేసుకుని వెళ్లాలంటే ముందు ఇల్లంతా మడత పెట్టాలని కొన్నాకే తెలిసింది. చివరికి 1,100కి అమ్మేశాను. రాత్రికి 144 డాలర్లు పడింది. మోటెల్‌లో వేడి నీళ్లు కూడా ఇస్తారు.

సరే, నేను మీ చోట ఉంటే ఏం చేస్తానో చెబుతాను. బండి కొనండి, 36,000 లోన్‌తోనే, ఏమీ బిగించకుండా. లోన్‌లో కలిపే 245, 401(కె)కు తిరిగి కట్టే 150 మీరు నెలనెలా భరించడానికి సిద్ధపడ్డవే కదా. ఆ 400 ఈ నెల నుంచే వేరే సేవింగ్స్ ఖాతాలో పడేలా చేయండి. అక్టోబర్‌కు 11 నెలలుంది, 4,400 అవుతుంది. దాంతో మొదట అదే సైజులో ఆల్ టెర్రెయిన్ టైర్లు, పక్కన కొండ మీద మంచు రేకు గుర్తు ఉన్నవి, 1,200 దాకా. ఇవి వేటకే కాదు, సెప్టెంబర్ నుంచి మే దాకా ఐ-70 కొండ భాగంలో టైర్ల నియమం ఉన్నప్పుడు రోజూ పనికొస్తాయి. గాలి తగ్గించే గేజి, మళ్లీ నింపే చిన్న కంప్రెసర్, ఇరుక్కున్న టైరు కింద పెట్టే ట్రాక్షన్ బోర్డులు, లాగే తాడు, పార కలిపి 600. ఇసుకలోనో రాళ్లలోనో టైరు గాలి 20 పీఎస్ఐ దగ్గరికి దించితే వచ్చే పట్టుకు పైసా ఖర్చు లేదు, చాలామంది లిఫ్ట్ నుంచి ఆశించేది అదే. బూట్లు, సంచీకి 700. సిగ్నల్ లేని చోట మెసేజ్ పంపే శాటిలైట్ పరికరానికి 350, నెలవారీ ప్లాన్ వేరు. దీని మీద బేరం వద్దు, మీ భార్య ఒప్పుకోవడానికి కూడా ఇదే దారి కావచ్చు. ఫ్రిజ్ బదులు రెండు మంచి కూలర్లు, 300. మొత్తం 3,150. మిగిలిన దాంతో పాత టాపర్ ఏదైనా దొరికితే చూడండి, దొరక్కపోతే ఈ ఏడాదికి టార్పాలిన్ చాలు.

వించ్ సంగతి అడుగుతారని తెలుసు. మీ కొలీగ్ బండికి వించ్ ఉందని మీరే రాశారు. ఇద్దరూ రెండు బండ్లలో వెళ్తే లాగడానికి ఒకటి చాలు. ఒంటరిగా వెళ్లే రోజు వస్తే అప్పుడు ఆలోచిద్దాం.

ఇన్సూరెన్స్ వాళ్లకు ఒక ఫోన్ చేయండి. తర్వాత బిగించిన సామానుకు మామూలు పాలసీల్లో కవరేజీ చిన్న పరిమితిలోనే ఉంటుంది, ఎక్కువ కావాలంటే కస్టమ్ పరికరాల కవరేజీ విడిగా కొనాలి. బండిలోంచి తుపాకీ, సంచీ పోతే అది కారు ఇన్సూరెన్స్ కాదు, రెంటర్స్ ఇన్సూరెన్స్ చూసుకోవాల్సింది. అందులోనూ తుపాకుల దొంగతనానికి విడిగా పరిమితి ఉందేమో అడగండి. బండి వదిలి వెళ్లేటప్పుడు తుపాకీకి తాళం వేయడం గురించి కొలరాడోలో 2025 జనవరి నుంచి కఠినమైన నియమాలున్నాయి, తాళం పెట్టె ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. ఏది బిగించినా రసీదు, ఫోటో ఉంచండి. తీసేసిన పాత టైర్లు, రిమ్ములు గ్యారేజీలో దాచండి. అమ్మే రోజు బండిని మామూలు బండిగా మార్చడానికి అవే దారి.

అక్టోబర్‌లో వెళ్లి రండి. ఎల్క్ దొరికినా దొరక్కపోయినా, తిరిగొచ్చేటప్పుడు సామాను దించకుండా హైవే మీద ట్రక్ స్టాప్‌లో లారీలు తూచే కాటా మీదకు బండిని ఎక్కించండి. ఇంత అని చీటీ ఇస్తారు. అది, డోర్ దగ్గరే బండి మొత్తం బరువు పరిమితి (జీవీడబ్ల్యూఆర్) రాసి ఉండే ఇంకో స్టిక్కర్, రెండూ ఒకే ఫోటోలో తీసి పంపండి. స్టీల్ బంపర్‌కు చోటుందో లేదో అప్పుడు చూద్దాం.