తమ్ముడి కాలేజీ గురించి మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

తమ్ముణ్ణి ఇంజినీరింగులో చేర్పించే పని నువ్వే భుజాన వేసుకున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. ఇరవై నాలుగేళ్లకే ఇంటికి పెద్ద దిక్కయ్యావు తల్లీ. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. మీ అమ్మ చివర్లో అన్న మాటతో మాత్రం గుబులు పట్టుకుంది. చెన్నై పక్క శ్రీపెరుంబుదూరు వైపు కాలేజీ వాళ్లెవరో పాతిక వేలు కడితే సీటు ఆపుతామన్నారట. కట్టలేదు కదా? కట్టకు. మిగతా ఉత్తరం తీరిగ్గా చదువుకో, ఈ మాట మాత్రం ఇప్పుడే విను.

ముందు వాడి లెక్క చూద్దాం. మ్యాథ్స్ 70, ఫిజిక్స్ 66, కెమిస్ట్రీ 70. తమిళనాడు ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో, అంటే ప్రభుత్వం మార్కుల వరుసలో సీట్లు పంచేచోట, మ్యాథ్స్ మార్కులు పూర్తిగా, మిగతా రెండిట్లో సగం సగం కలుపుతారు. 70, 33, 35 కలిపితే రెండొందలకు 138, దాన్నే కటాఫ్ అంటారు. చివరి రౌండులో పిలుపు వచ్చే మార్కులివి. సిగ్గుపడాల్సినవేం కావు. వాడి ముందర ఎవర్నీ ఆ మాట అననివ్వకు.

దరఖాస్తు, సర్టిఫికెట్ల అప్‌లోడ్ నీకు కొత్త కాదు, గడువు తేదీలు చూసుకుంటే చాలు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివేవాళ్లకిచ్చే ఫస్ట్ గ్రాడ్యుయేట్ ఫీజు రాయితీకి మాత్రం పెట్టకు. ఇంట్లో నువ్వు డిగ్రీ అయ్యావు కాబట్టి వాడికది వర్తించదు.

ఇక ఆ పాతిక వేల సంగతి. మన బంధువుల్లో ఇద్దరు పిల్లల విషయంలో జరిగిన తప్పు ఇదే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ప్లస్ టూ ఫలితాలు రాకముందే ఫోన్లు మొదలవుతాయి. "మీవాడి మార్కులకి కౌన్సెలింగ్‌లో ఏమీ మిగలదు, ఇప్పుడే బ్లాక్ చేసుకోండి" అంటారు. తల్లిదండ్రులు భయపడి అడ్వాన్సు కడతారు. అడ్వాన్సుతో పాటు టీసీ, మార్కుల లిస్టు ఒరిజినల్స్ కూడా ఇచ్చేస్తారు. ఆ తర్వాత కౌన్సెలింగ్ మూడో రౌండులో చూస్తే అదే కాలేజీ, అదే బ్రాంచి ఖాళీగానే ఉంటుంది. తమిళనాడులో ఏటా వేల ఇంజినీరింగ్ సీట్లు నిండకుండా మిగిలిపోతాయి, వాటిలో ఎక్కువ భాగం చిన్న కాలేజీలవే. అప్పుడు బయటికి రావాలంటే కట్టిన డబ్బు ఇవ్వరు, కాగితాలు అడిగితే రేపు మాపు అంటారు.

తేడా ఎంతో లెక్క వేసి చూడు. 2017లో ఫీజుల కమిటీ నిర్ణయించిన ప్రకారం కౌన్సెలింగ్ సీటుకు ఏడాదికి 50,000, కాలేజీ నేరుగా ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటుకు 85,000. కోర్సుల నాణ్యతను పరిశీలించే ఎన్‌బీఏ బోర్డు గుర్తింపు ఉన్న కోర్సుకైతే 55,000, 87,000. ఈ ఏడాది అంకెలు నువ్వు సరిచూసుకో. ఆ లెక్కన ఎన్‌బీఏ గుర్తింపు లేని కోర్సులో ఏడాదికి 35,000, నాలుగేళ్లకు 1,40,000 ఊరికే పోతుంది. అదే తరగతి గది, అదే బెంచీ. నిర్ణయించిన ఫీజుకు మించి, రసీదు లేకుండా అడిగే డబ్బు వేరే. అది తీసుకోవడాన్ని నిషేధిస్తూ 1992లోనే తమిళనాడు చట్టం చేసింది. ఒరిజినల్స్ సరిచూసి తిరిగి ఇచ్చేయాలని, దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. ఎవరైనా అడిగితే ఆ మాట మర్యాదగా గుర్తు చెయ్యి. ఏ కాగితం ఇచ్చినా తేదీ, సంతకం ఉన్న రసీదు తీసుకుని కదులు.

కాలేజీని దేంతో తూచాలంటావా? అన్నా యూనివర్సిటీ సెమిస్టరు పరీక్షల తర్వాత అనుబంధ కాలేజీలవారీగా ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు అని జాబితా ఇస్తుంది. ఒక్క జాబితా చూసి నిర్ణయించకు. రెండేళ్లవి, అంటే నవంబరు, ఏప్రిల్ పరీక్షలవి కలిపి నాలుగు ముందు పెట్టుకో. శాతం పక్కన రాసినవాళ్ల సంఖ్య కూడా చూడు. నలభై మంది రాసిన కాలేజీలో 70 శాతానికీ, ఆరువందల మంది రాసినచోట 70 శాతానికీ చాలా తేడా ఉంది. నాలుగిట్లోనూ సగానికి దిగువనే ఉంటే ఆ పేరు కొట్టెయ్యి. అటానమస్ కాలేజీలు సొంతంగా ప్రశ్నపత్రం పెట్టుకుంటాయి, కాబట్టి వాటి శాతాన్ని వీటితో పోల్చకూడదు.

మనవాడిలాంటి పిల్లలకి ఈ శాతమే ప్రాణం. తెలివైన పిల్లాడు ఎక్కడున్నా సొంతంగా లాక్కొస్తాడు. మామూలు పిల్లాడు మొదటి సెమిస్టరు మ్యాథ్స్‌లో తప్పితే, తప్పి మిగిలిన ఆ సబ్జెక్టు (అరియర్) వెంటే రెండోది, మూడోది చేరి ఫైనలియర్‌కి ఎనిమిదో తొమ్మిదో అవుతాయి. క్యాంపస్‌కి వచ్చే చాలా కంపెనీలు పదిలో, ప్లస్ టూలో, డిగ్రీలో 60 శాతం, అరియర్స్ లేకుండా ఉండాలని అడుగుతాయి. మనవాడు పాత రెండూ దాటేశాడు. మూడోదాన్ని కాపాడే కాలేజీ కావాలి.

తర్వాత పాఠం చెప్పేవాళ్లు. సాంకేతిక కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ లెక్క ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు. అరవై సీట్ల బ్రాంచి నాలుగేళ్లూ నిండితే 240 మంది, అంటే పన్నెండు మంది ఉండాలి. వెబ్‌సైట్లో ఉన్న పేర్లని నమ్మకు. ఒకే అధ్యాపకుడి పేరు రెండు మూడు కాలేజీల లెక్కల్లో ఉందని 2024లో ఇక్కడే బయటపడింది. వాళ్లు పిలిచే ఓపెన్ హౌస్ రోజున కాకుండా, మామూలు పనిరోజు మధ్యాహ్నం రెండున్నరకి నువ్వే వెళ్లు. ల్యాబుల తలుపులు తీసున్నాయా, సిస్టమ్స్ ముందు పిల్లలున్నారా చూడు. క్యాంటీన్ దగ్గర రెండో ఏడాది పిల్లల్ని మూడు ప్రశ్నలు అడుగు: మ్యాథ్స్ ఎవరు చెబుతున్నారు, ఏడాదిలో ఎంతమంది మాస్టర్లు మారారు, అరియర్ వచ్చినవాళ్లకి విడిగా క్లాసు పెడతారా. ఆఫీసులో అడిగితే వచ్చే జవాబుల కన్నా ఇవి నిజం.

బ్రాంచి విషయంలో నా మాట కచ్చితం. మొదటి బ్యాచి ఇంకా బయటికి రాని కొత్త కోర్సు వద్దు, దాని పేరెంత మెరిసిపోయినా సరే. కనీసం రెండు బ్యాచిలు పూర్తయ్యాకే ఎన్‌బీఏ పరిశీలనకు అర్హత వస్తుంది. ఆ గుర్తింపు కాలేజీ మొత్తానికి కాదు, కోర్సుకే ఇస్తారు. గేటు మీద బోర్డు చూసి ఆగిపోకుండా, మనకి కావలసిన బ్రాంచికి ఉందా, ఏ సంవత్సరం దాకా ఉంది అని అడుగు. అరవై సీట్లకి ఇరవై మందే చేరుతున్న బ్రాంచి అయినా జాగ్రత్త. పిల్లలు తగ్గితే ముందు వెళ్లిపోయేది మంచి అధ్యాపకులే.

ప్లేస్‌మెంట్ బ్యానర్ మీద పెద్ద ప్యాకేజీ ఒక్కరిది. ఒకడికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్క రాసేవాళ్లున్నారు. మన బ్రాంచిలో ఎంతమంది పిల్లలు, అందులో ఎంతమందికి ఉద్యోగం, వరుసలో మధ్యనున్నవాడి జీతం ఎంత అని అడుగు. చెప్పలేకపోతే అదే జవాబు.

తెలుగు మైనారిటీ కాలేజీలు, అంటే తమిళనాడులో భాషా మైనారిటీగా తెలుగువాళ్లు నడిపేవి కూడా కనుక్కో. మామూలు ప్రైవేటు కాలేజీలు 65 శాతం సీట్లు కౌన్సెలింగ్‌కి ఇస్తే, మైనారిటీవి 50 శాతం ఇస్తాయి. తమ దగ్గర ఉంచుకున్న సీట్లలో మనవాళ్లకి ఎన్ని, ఏ కాగితం కావాలి, ఫీజెంత అన్నది నేరుగా వెళ్లి అడగాలి.

మీరుండేది చెన్నైలో అంబత్తూరు కదా. అరక్కోణం లైను మీద తిరువళ్లూరు వైపు కాలేజీలకి లోకల్ రైలు ఉంది. కేళంబాక్కం వైపైతే రోజూ ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి. వాడు ఇంటికొచ్చి తిని పడుకోవడమే తప్ప పుస్తకం తీయలేడు. బస్సు ఫీజు, ఎక్కకపోయినా కట్టాలా అన్నది, ట్రైనింగ్ ఫీజు, యూనిఫాం, డిపాజిట్ అన్నీ ఒక కాగితం మీద రాయించుకో.

కౌన్సెలింగ్‌లో పెట్టే ఛాయిసులకి, అంటే కాలేజీ, బ్రాంచి ఎంపికలకి పరిమితి లేదు. అయిదారు పెట్టి ఆగకు, ముప్ఫై నలభై పెట్టు. ఏది వస్తుందన్న అంచనాతో వరుస పెట్టొద్దు, ఏది కావాలన్న వరుసలోనే పెట్టు. పేర్లు ఒకేలా ఉన్న కాలేజీలు చాలా ఉన్నాయి, కోడ్ నంబరు రెండుసార్లు సరిచూడు. సీటొచ్చాక 'తీసుకుని చేరతాను' అనేదానికీ, 'తీసుకుంటాను గానీ పైదానికి చూస్తాను' అనేదానికీ తేడా చదివి నొక్కు. ఆఫీసు పనిలో పడి ఆ గడువు మర్చిపోతావేమోనని నా భయం. ఆ రెండు రోజులూ సెలవు పెట్టు.

జాబితా లాక్ చేసేముందు ఒకసారి నాకు పంపు, ఏ రాత్రయినా సరే. ఈలోగా ఆదివారం తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ప్లస్ టూలో ఏ పాఠం మళ్లీ చదవమన్నా విసుగు రాదో అడుగు. వాడేం చెప్పాడో నాకు రాయి.

మీ మావయ్య