పాఠకుల ప్రశ్నలు: కడుపులో బిడ్డకి ఆక్సిజన్ చాలకపోతే

ప్రశ్న: మా బాబు 31వ వారంలోనే పుట్టాడు. నాకు బీపీ బాగా పెరిగింది, కడుపులో బిడ్డ ఎదగడం లేదని అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. ఇప్పుడు ఏడు నెలలు. మెడ ఇంకా సరిగ్గా నిలపలేదు, ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా బిగుసుకుంటాయి. ఎమ్మారై తీసి, పుట్టకముందే ఆక్సిజన్ చాలక మెదడులో తెల్లభాగం దెబ్బతిందన్నారు. నేను మేడమెట్లు ఎక్కి దిగి పని చేసినందుకే ఇలా అయిందని ఇంట్లో అంటున్నారు. చచ్చిపోయిన కణాలు ఇక రావా డాక్టర్ గారూ?
(ఒక సోదరి, నెల్లూరు జిల్లా)

జవాబు: ముందు మెట్ల సంగతి తేల్చేద్దామమ్మా. గర్భసంచిలోని సన్నటి రక్తనాళాలు మొదటి నాలుగైదు నెలల్లో బాగా వెడల్పై మాయకి ధారాళంగా రక్తం పంపాలి. కొందరిలో అవి వెడల్పు కావు, బీపీ రూపంలో మనకి తెలిసేది ఆ తర్వాతెప్పుడో. మీరు మెట్లెక్కడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఈ పేజీ ఇంట్లో అందరికీ చూపించండి, చదవకపోతే మీరే చదివి వినిపించండి.

మాయకి రక్తం తగ్గితే బిడ్డకి ఆక్సిజనూ గ్లూకోజూ రెండూ తగ్గుతాయి. అయినా బిడ్డ చాలా రోజులు నెట్టుకొస్తాడు, కాళ్లకీ చేతులకీ పేగులకీ వెళ్లే రక్తాన్ని తగ్గించుకుని మెదడుకీ గుండెకీ మళ్లించుకుంటాడు, రక్తం పారే తీరుని చూపే డాప్లర్ స్కాన్‌లో డాక్టర్లు వెతికేది దీన్నే, ఇలాంటి పిల్లలు ఒళ్లు సన్నగా, తల పెద్దగా కనిపించేదీ ఇందుకే. కానీ ఆ సర్దుబాటుకి ఒక హద్దుంది. అది దాటాక కణంలో శక్తి అడుగంటుతుంది, సోడియాన్ని బయటికి తోడే పంపులు ఆగిపోతాయి, గ్లూటమేట్ అనే రసాయనం కణాల మధ్య పేరుకుంటుంది, దాని ప్రభావంతో కాల్షియం మోతాదుకి మించి లోపలికి చొరబడుతుంది. అప్పుడు కణంలోని ఎంజైములే ఆ కణాన్ని తినేయడం మొదలుపెడతాయి.

ఏ కణాలు బలవుతాయన్నది బిడ్డ వయసుని బట్టి ఉంటుంది. 24 నుంచి 32 వారాల మధ్య మెదడు లోపలి భాగంలో కొన్ని పసికణాలుంటాయి. కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు మన నరాల పోగులకి మైలిన్ అనే తొడుగు ఉంటుంది, తాము ఎదిగాక దాన్ని తయారుచేయాల్సింది ఈ కణాలే. కణాల్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే రసాయనాలని తట్టుకునే బలం వీటికి ఇంకా రాదు, అందుకే ముందు దెబ్బ తగిలేది వీటికి. కాళ్లని కదిలించే పోగులు సరిగ్గా అక్కడే, మెదడు లోపలి నీటి గదుల పక్క నుంచే దిగుతాయి. మీ బాబుకి చేతులకంటే కాళ్లు ఎక్కువ బిగుసుకుంటుంటే కారణం ఇదే.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. చచ్చిన కణాలు తిరిగి రావమ్మా, ఆ మాట దాచను. అయితే దెబ్బతిన్న కణాలన్నీ చచ్చిపోయాయని మాత్రం అనుకోకండి. అమెరికాలోని ఆరెగాన్‌లో స్టీఫెన్ బ్యాక్ బృందం కడుపులో ఉన్న గొర్రెపిల్లల మెదళ్లని పరీక్షించి 2013లో ప్రచురించింది. రక్తం తగ్గిన మెదడులో నరకణాలు చాలావరకు బతికే ఉన్నాయి, వాటి శాఖలే సరిగ్గా ఎదగలేదు, పక్క కణాలతో ఉండాల్సినన్ని లంకెలు ఏర్పడలేదు. తొడుగు కట్టే కణాలదీ అదే తీరు. పోయినవాటి చోట కొత్తవి పుడతాయి కానీ పెద్దవి కాకుండా మధ్యలో ఆగిపోతాయి. వాటిని మళ్లీ కదిలించే మందు ఇప్పటికైతే లేదు. ఉన్నదల్లా పని చెప్పడమే, మొదటి రెండేళ్లలో మెదడు వాడే కొద్దీ లంకెలు వేసుకుంటుంది, అందుకే ఫిజియోథెరపీ ఈ వారమే మొదలుపెట్టండి, ఏడాది నిండాక చూద్దాం అనే మాట ఎవరు చెప్పినా వినకండి. జిల్లా స్థాయిలో ఎదుగుదల వెనకబడిన పిల్లల కోసం డీఈఐసీ అనే ప్రభుత్వ కేంద్రాలున్నాయి, ఫీజు లేదు, ప్రభుత్వాసుపత్రిలో అడిగితే దారి చెబుతారు. బాబు వయసు లెక్కలో తొమ్మిది వారాలు తీసేయండి, అంటే ఇప్పుడు వాడికి అయిదు నెలలే.

ఎవరైనా స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నయమవుతుందని లక్షలు అడిగితే బంగారం అమ్మొద్దు. ఈ జబ్బుకి అది ఇంకా పరిశోధన దశలోనే ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. ఆ డబ్బుతో ఏళ్ల తరబడి థెరపీ చేయించవచ్చు.

ప్రశ్న: మా పాప నెలలు నిండే పుట్టింది, కానీ ఏడవలేదు. మూడు రోజులు చల్లటి పరుపు మీద ఉంచారు. పసిపిల్లల్ని వెచ్చగా ఉంచమంటారు కదా, ఇదేం వైద్యం? తప్పు కాన్పు చేసినవాళ్లదేనా?
(ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: ఊపిరి అంది రంగు తిరిగాక అంతా సర్దుకున్నట్టే కనిపిస్తుంది, కానీ సుమారు ఆరు గంటల తర్వాత మెదడు కణాల్లో శక్తి రెండోసారి పడిపోతుంది. పెద్ద నష్టం అప్పుడు జరుగుతుంది. దాన్ని ఆపాలని ఆ ఆరు గంటల లోపే మొదలుపెట్టి ఒంటి వేడిని 33, 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర 72 గంటలు ఉంచుతారు. ధనిక దేశాల్లో దీనివల్ల మేలు జరిగింది. మన దగ్గర ఫలితం వేరుగా వచ్చింది: భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆస్పత్రుల్లో 408 మంది పిల్లలపై జరిగి 2021లో వెలువడిన హీలిక్స్ పరిశోధనలో చల్లబరచడం వల్ల వైకల్యం తగ్గలేదు, పైగా మరణాలు పెరిగాయి. మన పిల్లల్లో చాలామందికి దెబ్బ కాన్పుకి ముందే తగిలి ఉండొచ్చనేది దీనికి చెబుతున్న కారణాల్లో ఒకటి.

తప్పెవరిదన్న ప్రశ్నకీ ఇది వర్తిస్తుంది. పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పడాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారు. దానికి కష్టమైన కాన్పే కారణమని 1861లో లండన్ డాక్టర్ విలియం లిటిల్ అన్నాడు. కాదు, బిడ్డలో ముందే ఉన్న లోపమే కాన్పుని కష్టం చేసి ఉండొచ్చని 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ రాశాడు, అవును, మనసు శాస్త్రం ఫ్రాయిడే. చాలామంది పిల్లల విషయంలో ఆయన మాటే నిజమని తర్వాత తేలింది. నిర్లక్ష్యం జరగదని నేననడం లేదు, మీ అనుమానం తీరాలంటే కాన్పు రికార్డు, బిడ్డ గుండె కొట్టుకున్న గ్రాఫు కాపీలు అడిగి తీసుకుని మరో డాక్టర్‌కి చూపించండి. అంతకంటే ముందు పాపకి వినికిడి, చూపు పరీక్షలు చేయించండి, ప్రతి నెలా తల చుట్టుకొలత రాయించండి.

ప్రశ్న: నెలలు నిండేకొద్దీ కడుపులో చోటు చాలక బిడ్డ తక్కువ కదులుతుందని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?
(34వ వారం గర్భిణి, ఖమ్మం)

జవాబు: కాదమ్మా. కదిలే తీరు మారొచ్చు, తన్నడం బదులు దొర్లినట్టు అనిపించొచ్చు, కానీ కదలికలు తగ్గకూడదు. ఆక్సిజన్ చాలని బిడ్డ ముందు చేసే పని కదలడం మానేసి ఉన్నది పొదుపు చేసుకోవడమే. రోజూ తెలిసే కదలిక తెలియడం లేదనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, నేను చెప్పానని మీ అత్తగారికి చెప్పి ఆవిడనే తోడు తీసుకుని వెళ్లండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో కడుపు మీద బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు కాసేపు చూస్తారు, అవసరమైతే డాప్లర్ తీస్తారు. అన్నీ బాగున్నాయని ఇంటికి పంపినా, మర్నాడు మళ్లీ అలాగే అనిపిస్తే మళ్లీ వెళ్లండి, మొహమాటపడొద్దు.