ఊరు దొరకలేదన్న అమ్మాయికి

అమ్మాయీ,

మీ అమ్మ వైపు పెద్దవాళ్లు ఒకప్పుడు ఎక్కడ ఉండేవాళ్లో మ్యాపుల్లో వెతుకుతున్నానని, ఫోన్‌లో ఎంత జూమ్ చేసినా ఆ ఊరు కనపడలేదని రాశావు. కనపడదు మరి. నువ్వు చూస్తున్నది ఇవాళ్టి మ్యాపు. వాళ్లున్నది నూరేళ్ల కిందట.

ముందు మ్యాపు పక్కన పెట్టి కాగితాలు ముందేసుకో. పెళ్లి కాగితమో, భూమి దస్తావేజో, పాత ఉత్తరం మీద పోస్టు ముద్రో, ఏదో ఒకటి ఉంటుంది. ఊరి పేరు అందులో ఎలా ఉంటే అలాగే, తప్పు అనిపించినా దిద్దకుండా రాసుకో. దాని పక్కనే ఆ కాగితం ఏ ఏడాదిదో రాసుకో. ఏడాది తెలియకపోతే పేరు మనల్ని తిప్పలు పెడుతుంది. ఇప్పుడు రష్యాలో ఉన్న కాలినిన్‌గ్రాడ్ 1946 దాకా క్యోనిగ్స్‌బర్గ్. ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ల్వివ్ ఆస్ట్రియా ఏలుబడిలో లెంబర్గ్, పోలండ్ చేతిలో ఉన్నప్పుడు ల్వూఫ్. ఒకే ఇంట్లో పుట్టిన తాత, కొడుకు, మనవడి కాగితాల్లో మూడు పేర్లు చూసి, ఈ కుటుంబం ఎన్ని ఊళ్లు తిరిగిందో అనుకునే ప్రమాదం ఉంది. పాత పేరు నుంచి కొత్త పేరుకు రావాలంటే ఆ కాలపు గెజిటీర్, అంటే ఊళ్ల పేర్లూ వివరాలూ వరసగా ఉండే పుస్తకం, చూడాలి. జర్మన్ సామ్రాజ్యానికి 1912 నాటి మేయర్స్ గెజిటీర్ ఉంది. చిన్న పల్లె కూడా ఏ ఆఫీసు కిందకు వచ్చేదో అందులో దొరుకుతుంది. ఆ ఆఫీసు సంగతి చాలా ముఖ్యం. సరిహద్దులు ఎన్నిసార్లు మారినా పాత రికార్డులు చాలాసార్లు పాత కేంద్రంలోనే ఉండిపోతాయి.

పేరు దొరకగానే ఎగిరి గంతెయ్యకు. నా సంగతి చెబుతాను, నవ్వుకో. మా ముత్తాత ఊరి పేరు మ్యాపులో కనపడగానే దాని మీద వేలు పెట్టి ఇదే అనేశాను. దాదాపు ఎనిమిది నెలలు ఆ ఊరి రికార్డులన్నీ తిరగేశాను. మన ఇంటిపేరు ఒక్కచోట కూడా లేదు. విసుగొచ్చి దస్తావేజు మళ్లీ తీస్తే, వెనక వైపు, పొలానికి తూర్పు హద్దు ఏరు అని రాసి ఉంది. నేను పట్టుకున్న ఊరికి అసలు ఏరే లేదు! అదే పేరుతో ఇంకో ఊరు ఉంది, అది ఏటి ఒడ్డున ఉంది. కాగితం వెనక్కి తిప్పి చూడనందుకు ఎనిమిది నెలలు పోయాయి. అందుకే ఏరు, దారి, పక్క ఊరు, హద్దు పొలం ఎవరిది, సాక్షులు ఎవరు, ఇవన్నీ పేరుతో పాటే రాసుకో. ఇవన్నీ కలిసే చోటు ఒక్కటే ఉంటుంది.

ఇక మ్యాపు ఎంచుకోవడం. అంగుళానికి మైలు లెక్కన వేసిన మ్యాపులో ఊరు ఎక్కడుందో తెలుస్తుంది కానీ ఇల్లు వివరంగా కనపడదు. మైలుకు ఆరంగుళాల మ్యాపులో పొలం గట్లు కనిపిస్తాయి. మైలుకు 25 అంగుళాలదైతే ఇంటి ఆకారం కూడా కనపడుతుంది. మ్యాపు అంచు తప్పకుండా చదువు. సర్వే చేసిన ఏడాది వేరు, అచ్చేసిన ఏడాది వేరు. అచ్చు 1880 అని ఉన్నా, కొలిచింది అంతకు ఏళ్ల ముందే అయ్యుండొచ్చు.

నన్నడిగితే అన్నిటికంటే విలువైనవి పన్ను కోసం వేసిన మ్యాపులు. పన్ను వసూలు చేసేవాడికి ఉన్నంత శ్రద్ధ మరెవరికీ ఉండదు కదా. ఫ్రాన్స్‌లో నెపోలియన్ కాలంలో 1807లో మొదలైన భూమి సర్వే అలాంటిదే. ఇంగ్లండ్‌లో 1836 చట్టం తర్వాత చర్చికి కట్టే పన్ను కోసం మ్యాపులు వేశారు. ఐర్లండ్‌లో 1847 నుంచి 1864 దాకా గ్రిఫిత్ వాల్యుయేషన్ పేరుతో పన్ను కోసం భూములకు, ఇళ్లకు విలువ కట్టారు. వీటిలో ఒక చిక్కుంది. మ్యాపు మీద అంకెలే ఉంటాయి, మనుషుల పేర్లు విడిగా రిజిస్టరులో ఉంటాయి. మ్యాపు ఒక్కటే డౌన్‌లోడ్ చేసుకుని, పేర్లేం లేవని వదిలేసేవాళ్లు చాలామంది. రిజిస్టరులో భూమి ఎవరిది, అందులో ఉన్నది ఎవరు అని రెండు గడులు ఉంటే రెండూ చూడు. మనవాళ్లు చాలాసార్లు అందులో ఉన్నవాళ్ల గడిలోనే ఉంటారు.

పట్నంలో ఉన్నవాళ్లయితే వేరే దారి. అమెరికా పట్నాలకు శాన్‌బోర్న్ కంపెనీ 1867 నుంచి అగ్నిప్రమాదాల బీమా కోసం మ్యాపులు వేసింది. మ్యాపులో గులాబీ రంగు ఉంటే ఇటుక ఇల్లు, పసుపు రంగు ఉంటే కొయ్య ఇల్లు. ఇల్లు మారితే పాత షీటు మీదే కొత్త చీటీ అంటించేవాళ్లు. ఇంటి నంబరును మాత్రం గుడ్డిగా నమ్మకు. షికాగోలో 1909లో నంబర్లు మార్చేశారు. అంతకుముందు కాగితంలో ఉన్న నంబరుతో ఇవాళ వెళ్తే ఎవరింటి తలుపో కొడతాం.

పాత మ్యాపులో అక్షాంశ రేఖాంశాలు చూసి నేరుగా ఫోన్‌లో కొట్టకు. లండన్‌లోని గ్రీనిచ్‌ను సున్నా రేఖాంశంగా తీసుకోవాలని వాషింగ్టన్ సమావేశం తీర్మానించింది 1884లోనే. పాత ఫ్రెంచి మ్యాపులకు ప్యారిస్ సున్నా. ఆ తేడా 2 డిగ్రీల 20 నిమిషాలు. ప్యారిస్ ఉన్న అక్షాంశం దగ్గర లెక్కిస్తే దాదాపు 170 కిలోమీటర్లు పక్కకి పోతావు.

చివరగా పాత మ్యాపును కొత్తదాని మీద పరచాలి. స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఇది తయారుగానే ఉంది, పాత మ్యాపును జరుపుతూ కింద ఇవాళ్టి ఉపగ్రహ చిత్రం చూడొచ్చు. నీ చోటికి అలాంటిది లేకపోతే గూగుల్ ఎర్త్‌లో నువ్వే పరుచుకోవచ్చు. రెండింటిలోనూ మారని గుర్తులు నాలుగైనా పట్టుకో. గోపురం, రాతి వంతెన, పాత కూడలి మంచివి. ఏటి ఒడ్డును మాత్రం పట్టుకోకు, అది కాలంతో పాటు పక్కకి జరిగిపోతుంది. పరిచాక ఊరున్న చోట నీళ్లు కనిపిస్తే కంగారుపడకు. అమెరికాలో క్వాబిన్ రిజర్వాయరు కోసం 1938లో నాలుగు ఊళ్లు రద్దయ్యాయి. అలాంటి చోట పాత మ్యాపే ఊరు.

నీ దగ్గర దస్తావేజు ఉంటే దాని ఫొటో ఇవాళే పంపు. వెనక వైపుది కూడా.

మీ పెదనాన్న