ఒకే రేకు నుండి ఇత్తడి చెంబు కొట్టబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి చండూరు నుండి మామయ్య ఆశీర్వదించి రాయునది.

కొలిమి పని నేర్చుకుంటానని, మొదట ఒకే రేకు నుండి చెంబు కొడతానని నువ్వు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. స్టీలు, ప్లాస్టిక్ బిందెలు వచ్చాక కంచరి ఇళ్లలో సుత్తి చప్పుడు తగ్గిన మాట నిజమే కానీ, బోనానికీ బతుకమ్మ తాంబాళానికీ గుడి కలశానికీ ఇత్తడే కావాలని వచ్చేవారు మన నల్లగొండ జిల్లాలో ఇప్పటికీ ఉన్నారు. చెంబు ఆకారం గురించి నువ్వు చాలా అడిగావు. అంతకంటే ముందు నువ్వు తెలుసుకోవలసింది బిగువు సంగతి. ఇత్తడి తిన్న ప్రతి దెబ్బనూ బిరుసుగా (గట్టిదనంగా), బిగువుగా (లోపలి ఒత్తిడిగా) దాచుకుంటుంది. వాటిని ఎప్పుడు నిప్పుతో తీసివేయాలో, ఎప్పుడు బిరుసును మాత్రం కొంత ఉండనివ్వాలో తెలిసినవాడి చేతిలో ఆకారం కుదురుతుంది.

ముందుగా రేకు. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం (జింకు) కలిసిన రేకు దొరికితే అదే తీసుకో. రైఫిల్ తూటాల తొడుగులు చేసేది కూడా ఈ ఇత్తడితోనే కనుక దీనికి కార్ట్రిడ్జ్ బ్రాస్ అనే పేరు వచ్చింది. గుండ్రటి బిళ్లను అచ్చులోకి దశలవారీగా నొక్కుతూ, మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తూ పొడవాటి గొట్టంగా సాగదీసినా చీలనంత సాగుడు గుణం దానికుంది. బజారులో ఎక్కువగా కనిపించే 63 పాళ్ల రాగి రేకు కూడా పనికివస్తుంది. 60 పాళ్ల రాగి ఉన్నది మాత్రం వద్దు. అది ఎర్రగా కాల్చినప్పుడు చక్కగా వంగినా, చల్లగా ఉన్నప్పుడు సుత్తికి తొందరగా చిట్లుతుంది. లేతు పని కోసం సీసం కలిపిన ఇత్తడి కూడా మన పనికి రాదు. దుకాణంలోనే ఒక మూలను పూర్తిగా మడిచి చూడు. మడత వెలుపలి అంచున సన్నని గీతలు పడితే ఆ రేకు బిరుసుగానైనా ఉండాలి, కల్తీదైనా అయి ఉండాలి. మందం 20 గేజ్, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లు ఉంటే నీ చేతికి సరిపోతుంది.

కావలసిన చెంబు పొట్ట వెడల్పునూ ఎత్తునూ కలిపితే కత్తిరించవలసిన బిళ్ల వెడల్పు ఇంచుమించు తెలుస్తుంది. 5 అంగుళాల పొట్ట, 5 అంగుళాల ఎత్తు అయితే 10 అంగుళాల బిళ్ల కావాలి. కత్తెర వదిలిన గరుకును ఆకురాయితో పూర్తిగా తీసి, అంచు వేలికి తగిలితే నున్నగా ఉండేటట్లు చూసుకో. పగుళ్లు మొదలయ్యేది ఆ గరుకు దగ్గరే. కంపాసుతో అర అంగుళం ఎడంలో వలయాలు గీసుకుంటే దెబ్బలు దారి తప్పవు.

అడుగు భాగాన్ని కొయ్య గుంటలో పెట్టి కొద్దిగా లోతు చేసిన తరువాత, రేకును గుండ్రటి తల ఉన్న దాగలి (సుత్తి దెబ్బకు ఆనికగా ఉండే ఇనుప దిమ్మ) మీదికి తెచ్చి, అడుగు నుండి అంచు వైపు వలయం తరువాత వలయంగా కొట్టుకుంటూ వెళ్లాలి. దెబ్బ రేకు దాగలిని తాకే చోటికి కాస్త పైన, దాని కింద ఇనుము లేని చోట పడాలి. అప్పుడే రేకు సాగి పలచబడకుండా లోపలికి ముడుచుకుని చుట్టుకొలత తగ్గుతుంది. ఒక దెబ్బ పక్కనే మరో దెబ్బ, సగం దాని మీద పడుతూ ఉండాలి. అంచున ముడతలు రావడం సహజమే, అయితే ముడత పక్కకు వాలి మడత పడకముందే దాన్ని అణచివేయాలి. మడత పడిన చోట రేకు చీలక మానదు. చిన్న పగులు కనిపిస్తే పని ఆపి, దాని కొస వరకూ ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, కాల్చిన తరువాతే సుత్తి పట్టు.

రేకు బిరుసెక్కిందని చెవికి ముందే తెలుస్తుంది. కాల్చి తెచ్చిన రేకును కొడితే మందమైన, మూగ చప్పుడు వస్తుంది. దెబ్బలు పడేకొద్దీ అది గంటలా ఖంగుమనడం మొదలుపెడుతుంది, సుత్తి చేతిలో ఎగిరిపడుతుంది. ఆ ఖంగుమనే చప్పుడు విన్నాక మరో వలయం కూడా కొట్టకు. ఇంకొంచెమే కదా అని కొట్టిన ఆ చివరి వలయంలోనే అంచులు పగులుతాయి. అడుగు నుండి అంచు దాకా ఒక చుట్టు పూర్తయిన ప్రతిసారీ తప్పక కాల్చవలసిందే.

కాల్చడం గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే చెంబు బాగుపడేదీ పాడయ్యేదీ ఇక్కడే. మన ఏప్రిల్, మే ఎండలో నిప్పు రంగు కంటికి ఆనదు. రేకు చాలినంత ఎర్రబడినా ఇంకా కాలలేదనే అనిపిస్తుంది. అందువల్ల కొలిమిని నీడలో, తలుపు ఓరగా వేసిన కొట్టంలో పెట్టుకో. చీకటిలో అప్పుడే కనిపించీ కనిపించనట్లు ఉండే మసక ఎరుపు చాలు. అది దాదాపు 550 నుండి 600 డిగ్రీల సెల్సియస్. మంటను ఒకేచోట నిలపకుండా అంతటా తిప్పు. ఎరుపు మెరిసేదాకా కాలిస్తే లోహం లోపలి సన్నని రేణువులు పెద్దవై, తరువాత సుత్తి దెబ్బకు పైభాగం మన బత్తాయి తొక్కలాగా గుంటలుగుంటలుగా తేలుతుంది. ఆ గరుకు మెరుగుకు లొంగదు. ఇంకా ముందుకు పోతే తుత్తునాగం తెల్లని పొగగా లేచిపోతుంది. అది 907 డిగ్రీల దగ్గర మరిగే లోహం. ఆ పొగ పీల్చినవాడికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది కనుక కొట్టంలో గాలి ఆడే దారి తప్పనిసరిగా ఉండాలి.

ఎర్రగా ఉన్న రేకును కొట్టవద్దు, చల్లారనివ్వు. నీళ్లలో ముంచినా పరవాలేదు. ఉక్కులాగా ఇత్తడి ముంచితే గట్టిపడదు. నల్లపొరను చింతపండు పులుసులో నానబెట్టి తోమి తీసివేయి, ఆ పులుపులోకి ఇనుప పటకారు పెట్టకు. పెడితే రాగి ఊడివచ్చి రేకు మీద ఎర్రటి మచ్చలుగా పట్టుకుంటుంది.

ఆకారం పూర్తయ్యాక నున్నటి సుత్తితో చివరి దెబ్బలు వేస్తావు. ఈ దెబ్బల బిరుసు చెంబుకు కావాలి, లేకపోతే చేయి తగిలినా సొట్ట పడుతుంది. కానీ ఆ బిరుసుతో పాటే బిగువు కూడా మిగిలిపోతుంది, అది బయటికి కనిపించదు. ఇంగ్లీషువారి కాలంలో మన దేశంలో సైన్యం గుర్రపుశాలల దగ్గర నిల్వ ఉంచిన తూటాల తొడుగులు వానాకాలంలో ఎవరూ ముట్టకుండానే పగిలిపోయేవి. కారణం 1921 నాటికి పరిశోధకులు తేల్చారు: గుర్రాల మూత్రం నుండి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ, తొడుగులో మిగిలిన బిగువు, ఈ మూడూ కలిసి ఇత్తడిని చీల్చాయి. నేటికీ అనేక రైఫిల్ తూటాల తొడుగుల మెడ దగ్గర కనిపించే గోధుమ, నీలి రంగు మరక ఆ బిగువును తీయడానికి పెట్టిన సెగ గుర్తే. మన ఊళ్లలో పశువుల కొట్టంలో ఇత్తడి సామాను దాచే ఇళ్లు ఉన్నాయి కనుక ఈ సంగతి నీ చెంబుకూ వర్తిస్తుంది.

అందుచేత చివరి దెబ్బల తరువాత చెంబును 260 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచు. ఆ సెగకు బిగువు సడలుతుంది కానీ బిరుసు పోదు. వేడి కొలిచే సాధనం లేకపోతే చెంబు పక్కనే ఒక పెంకు మీద చిన్న తగరపు ముక్కనూ, వేరే పెంకు మీద సీసపు ముక్కనూ పెట్టు. తగరం 232 డిగ్రీలకు కరుగుతుంది, సీసం 327కు గానీ కరగదు. తగరం కరిగి సీసం గట్టిగా ఉన్నంతసేపూ నువ్వు సరైన సెగలో ఉన్నట్లే. ఆ పెంకులు చెంబును తాకకూడదు, సీసాన్ని ముట్టిన చేతులు వెంటనే కడుక్కో.

నీళ్ల చెంబుకు కళాయి (తగరపు పూత) అక్కరలేదు. మజ్జిగ, పులుసు పోసే ఇంటికి ఇచ్చేటట్లయితే లోపల కళాయి వేయించు. అయితే ఈ సెగ పెట్టిన తరువాతే వేయించాలి, ముందే వేయిస్తే తగరం కరిగి అడుగుకు జారుతుంది. కళాయికి వాడే నవసాగరం అనే లవణంలోనూ అమ్మోనియా ఉంది కనుక, పని కాగానే చెంబును వేడినీళ్లతో లోపలా బయటా రెండు మూడుసార్లు కడిగి, తడి లేకుండా తుడిచి ఎండలో పెట్టు. మన బోరు నీళ్లు ఉప్పటివి, ఆరనిస్తే తెల్లమచ్చలు మిగులుతాయి.

చెంబు పూర్తయ్యాక నా దగ్గరికి పట్టుకురా, మెడ దగ్గర మందం ఎంత మిగిలిందో చూడాలి.

ఇట్లు,
మీ మామయ్య